నాదని రాసిచ్చిన మూట

మా చుట్టాల్లో నా మీద ఒక కథ తిరుగుతూ ఉంటుంది. పెళ్ళి భోజనాలైనా సరే, దినాల భోజనాలైనా సరే, నలుగురు కూర్చోగానే ఎవరో ఒకరు దాన్ని ఎత్తుకుంటారు. ఎక్కువసార్లు ఎత్తుకునేది మా ఆయనే.

“మా మేడం వకీలును గూడ పెట్టుకోలే. రూపాయి ఖర్చు లేకుండ కోర్టుల వడ్డ పైసలు తీస్కొచ్చింది. జడ్జి ముందట నిలవడి మాట్లాడింది మరి!”

“వదినె నోటికి జడ్జే భయపడి సంతకం పెట్టి ఉంటడు,” అంటాడు పక్కనున్నవాడు. అందరూ నవ్వుతారు. నేను కూరగిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోతాను. నోరున్నదని ఊరంతా ఒప్పుకున్న మనిషి ఆ ఒక్క కథ దగ్గర ఎందుకు నోరు మూసుకుంటుందో ఇన్నాళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు.

రూపాయి ఖర్చు లేదన్నది అబద్ధం. నకళ్ళకు, టైపుకు, నోటరీకి, బడికి పెట్టిన సెలవులకు అన్నింటికీ ఖర్చయింది. జడ్జి ముందు నేను మాట్లాడానన్నది ఇంకో అబద్ధం. అక్కడ మాట్లాడింది మా చెల్లె బిడ్డ. ఇవి చిన్న అబద్ధాలు, పోనిద్దాం. పెద్ద అబద్ధం ఏమిటంటే, ఫీజు మిగుల్చుకోవాలని నేను వకీలును వద్దనుకున్నాననడం. వకీళ్ళు తినేస్తారని నేను ఏనాడూ అనలేదు. మా కేసు చూసిన వకీలు మంచివాడు, తెలివైనవాడు. ఆయన అలాంటివాడు కాబట్టే మళ్ళీ ఆయన మెట్లు ఎక్కలేకపోయాను.

ఆ పైసలు మా చెల్లె చావుకు వచ్చినవి. చెల్లె రోడ్డు మీద పోయేనాటికి దాని బిడ్డకు పదేళ్ళు. రెండేళ్ళు కేసు నడిచాక లోక్ అదాలత్‌లో రాజీ అయింది. పిల్ల మైనరు కాబట్టి ఆ సొమ్మును కోర్టే బ్యాంకులో డిపాజిట్ చేయించింది, పద్దెనిమిదేళ్ళు నిండాక తీసుకోవచ్చునని రాసింది. పిల్ల నా దగ్గరే పెరిగింది. మాకు పిల్లలు లేరు. అది నన్ను “పెద్దమ్మా” అని పిలుస్తుంది కానీ, జ్వరం వస్తే నా చీర కొంగు చేతికి చుట్టుకుని పడుకుంటుంది.

ఆ కేసు ఫైలులో నేను రాసిచ్చిన కాగితం ఒకటుంది. అది పిల్ల కంట పడకూడదన్నదే నా భయం. వకీలును పెట్టుకోకపోవడానికి కారణం అంతే. దాన్నే లోకం ధైర్యమని చెప్పుకుంటోంది.

ఆ కాగితం సంగతి చెప్పాలంటే ముందు బీడీ కార్డు సంగతి చెప్పాలి.

నిజామాబాద్‌లో మేముండే గల్లీలో ఆడపిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండితే ముందు చేయించేది బీడీ కార్డు. కార్డున్న పిల్లకు ఇంట్లో బీడీలు చుట్టడానికి కార్ఖానా వాళ్ళు ఆకు, తంబాకు తూచి ఇస్తారు. పీఎఫ్ ఉంటుంది, దవాఖానా ఉంటుంది, రేపు పుట్టబోయే పిల్లలకు స్కాలర్‌షిప్పు కూడా ఉంటుంది. సంబంధం చూడవచ్చినవాళ్ళు పిల్ల రంగు చూడకముందే “కార్డున్నదా?” అని అడిగేవారు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నాకెందుకు కార్డు అని అవ్వతో కొట్లాడాను.

“సదువు సదువుకో, ఎవలొద్దన్నరు?” అంది అవ్వ, బీడీలు చుట్టే చాట ఒళ్ళో నుంచి దించకుండానే. “సదువు సంబంధం తేదు బిడ్డ. కార్డు తెస్తది.”

కార్డు వచ్చింది. ఫోటో నాది, సంతకం నాది. ఒక్క బీడీ కూడా నేను చుట్టలేదు. నా చేతికి ఆ పని రాలేదు, రానియ్యలేదు కూడా. నాకంటే మూడేళ్ళు చిన్నదైన చెల్లెకు పద్దెనిమిది నిండేసరికి కంపెనీ కొత్త కార్డులు ఆపేసింది. దానికి చదువు అబ్బలేదు, చెయ్యి మాత్రం యంత్రంలా ఆడేది. అందుకని నా కార్డు మీద అది చుట్టింది. మా గల్లీలో దీన్ని దొంగతనమని ఎవరూ అనుకోరు. వదిన కార్డు మీద మరదలు చుడుతుంది, మంచాన పడ్డ అత్త కార్డు మీద కోడలు చుడుతుంది. కార్ఖానాలో ఆకు తూచే మనిషికీ తెలుసు, లెక్క రాసే మనిషికీ తెలుసు. తెలియనిది కాగితానికే.

నాకు ఊరి బయటి సర్కారు బడిలో కాంట్రాక్టు టీచరు ఉద్యోగం వచ్చాక చెల్లెకు అదొక వేళాకోళం అయింది. “నీ పేరు నేను నిలవెడుతున్న అక్కా. దినానికి వెయ్యి బీడీలు జేసే టీచర్ నిజామాబాద్ జిల్లాల ఇంకొకతి ఉంటే సూపియ్యి!”

దాన్ని బోధన్‌కు ఇచ్చాం. మరిది చెరుకు ఫ్యాక్టరీలో పని. సీజన్లో మనిషి ఇంటికి వస్తే తలుపు తీయకముందే బెల్లప్పాకం వాసన వస్తుందని చెల్లె చెప్పుకుని మురిసేది. ఫ్యాక్టరీ మూతపడింది. ఏడాది తిరక్కముందే మరిది కామెర్లతో పోయాడు. ఇక మిగిలింది బీడీలే. కార్డు నిజామాబాద్ కార్ఖానాది కాబట్టి, వారానికి రెండుసార్లు బోధన్ నుంచి బీడీల మూట తెచ్చి అప్పజెప్పి, మళ్ళీ ఆకు, తంబాకు మోసుకుపోయేది. బోధన్‌లోనూ అదే కంపెనీ బ్రాంచి ఉంది, దాని ఇంటికి నాలుగు సందుల దూరంలో.

“కార్డు బోధన్ బ్రాంచికి మార్పియ్యరాదక్కా? మూట మోసి మోసి మెడ వడిపోతున్నది.”

“మార్పిస్త తియ్యే. ఎండాకాలం సెలవులు రానియ్యి.”

మార్పించాలంటే కార్డుదారు స్వయంగా వెళ్ళాలి. కొత్త ఫోటో ఇవ్వాలి, ఉండే చోటు రాయాలి. బోధన్‌లో ఉంటున్నానని రాసి, నిజామాబాద్ బడిలో హాజరు సంతకం పెట్టడం ఎలాగని నా భయం. ఏటేటా కాంట్రాక్టు పొడిగించేముందు ఎవరు ఏ అర్జీ పెడతారోనని వణికే ఉద్యోగం అది. ఒక ఎండాకాలం పోయింది. రెండోది కూడా పోయింది. మూడోసారి అది అడగలేదు.

చలికాలం పొద్దున, ఎడపల్లి దాటాక, ఇరుసు విరిగిన చెరుకు ట్రాలీ ఒకటి రోడ్డు మీద నిలబడి ఉంది. పొగమంచు కమ్మి ఉంది. ట్రాలీ వెనక ఎర్ర బిళ్ళయినా లేదు. చెల్లె ఎక్కిన ఆటో వెళ్ళి దాన్ని గుద్దింది. కాళ్ళు రెండూ విరిగి బతికిన ఆటో డ్రైవరు దవాఖానాలో నాతో అన్నాడు: “మూట నలుగుతదని ఎనక సీట్ల వెట్టింది మేడం. తను నా పక్కకొచ్చి కూసున్నది. నేనే కూసోమన్న.”

మూట నలగలేదు. ఒక్క కట్ట కూడా విడిపోలేదు.

మర్నాడు నన్ను ఠాణాకు రమ్మన్నారు. బల్ల మీద మూట ఉంది. దాని పక్కన బీడీల లెక్క రాసే పుస్తకం, దాని మీద నా పేరు. అక్కడి పోలీసాయన గౌరవంగానే మాట్లాడాడు.

“మేడం, పుస్తకం మీ పేరు మీదున్నది. మూట మరి ఎవరిది?”

ఒక్క క్షణం పట్టింది, అంతే. “నాదే సార్. బడి నుంచి వచ్చినంక చుట్టుకుంట.”

“గట్లనే రాసియ్యుండ్రి. సదువుకున్నోళ్ళు, నేను జెప్పేదేమున్నది?”

రాసిచ్చాను. సదరు బీడీలు నేను చుట్టినవి, నా చెల్లెలు నా కోసం కార్ఖానాకు తీసుకువస్తోంది. అక్కడితో ఆపినా సరిపోయేది. అనుమానం రాకుండా ఉండాలని ఇంకో వాక్యం చేర్చాను. నా చెల్లెలు ఇంట్లోనే ఉంటుంది, ఏ పనీ చేయదు. కింద సంతకం చేసి మూట తీసుకున్నాను. తప్పుల్లేని తెలుగు, గుండ్రటి అక్షరాలు. పిల్లల కాపీ పుస్తకాల్లో నేను దిద్దే అక్షరాలే.

ఎందుకు రాశావు అంటే నా దగ్గర వాదన లేకపోలేదు. చెల్లె పోయింది, రేపు ఆ పిల్లను సాకాల్సింది నేను. కార్డు మోసమని తేలితే నా ఉద్యోగం పోతుంది, అప్పుడు పిల్ల నోట్లోకి ముద్ద ఎక్కడినుంచి వస్తుంది? ఈ వాదన నాతో నేను ఎన్నోసార్లు పెట్టుకున్నాను. ప్రతిసారీ గెలిచాను. గెలిచిన ప్రతిసారీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ కాగితం ఏం చేస్తుందో అప్పుడు నాకు తెలియదు. తెలియజెప్పింది వకీలు. నష్టపరిహారం కేసులో పోయిన మనిషి సంపాదన ఎంతన్నదే అసలు లెక్క. మా జిల్లాలో ఆడమనిషి పోయిందంటే ప్రతి వకీలు అడిగే మొదటి ప్రశ్న, “బీడీ కార్డున్నదా అమ్మా?” ఈయన కూడా అదే అడిగాడు.

“లేదు సార్.”

ఆయన ఫైలు తిప్పి ఆ కాగితం దగ్గర ఆగాడు. “మరి ఈ మూట?”

“నాది సార్.”

ఆయన తలెత్తి నా ముఖం చూడలేదు. బల్ల మీద పెట్టిన నా చేతులు చూశాడు. బీడీలు చుట్టే ఆడవాళ్ళ వేళ్ళ కొసలు తంబాకుతో పసుపెక్కి ఉంటాయి, బీడీ మూతి మడిచి మడిచి గోళ్ళు అరిగిపోయి ఉంటాయి. ఆయన వాళ్ళమ్మ చేతులు కూడా అలాంటివేనని తరువాత ఎవరో చెప్పారు. నా వేళ్ళకు ఉన్నది సుద్దముక్క పొడి.

“మళ్ళొక్కసారి ఆలోచించుండ్రి,” అన్నాడు. “ఆమె చుట్టిందని సాక్ష్యం ఒస్తే పిల్లకొచ్చే పైసలల్ల చానా ఫరకు వడ్తది. కార్డు సంగతి ఎట్లనో జూద్దాం. భయపడకుండ్రి.”

“ఆలోచించేదేం లేదు సార్. ఆమె ఇంట్లనే ఉండేది.”

ఇంకోసారి అడిగాడు, రాజీకి ముందు రోజు. ఇంకోసారి అదే చెప్పాను. రాజీ పత్రంలో చెల్లె పేరు పక్కన గృహిణి అని పడింది. పదేళ్ళ వయసు నుంచి చాట ముందు కూర్చుని నడుము వంకరపోయిన మనిషి, మొగుడు పోయినా ఒకరి గడప తొక్కకుండా బిడ్డను సాకిన మనిషి, కాగితం మీద ఏ పనీ చేయనిదైపోయింది. పిల్ల తరఫున సంతకం నేనే పెట్టాను.

పిల్లకు పద్దెనిమిది నిండాయి. హైదరాబాదులో నర్సింగ్ సీటు వచ్చింది. నెలన్నర లోపు ఫీజు కట్టాలి. కోర్టు సొమ్ము తీయక తప్పదు. ఏ వకీలు దగ్గరికి పోయినా ముందు ఆ ఫైలు తెప్పించుకుని చదువుతాడు, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతాడు. అందుకే, “వకీలెందుకు? నేను జూస్కుంట,” అన్నాను. మా ఆయన అప్పుడే ఆ కథ అల్లడం మొదలుపెట్టాడు.

కోర్టు గేటు పక్క రేకుల షెడ్డులో టైపు చేసే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. నా మాట విని కళ్ళద్దాలు తీసి మరీ చూశాడు.

“వకీల్ లేకుండనా? మేడం, దావత్‌కు పిలువకుండ పోయినట్టుంటది. వడ్డించెటోడు మీ ఇస్తారి దిక్కే సూడడు.”

“నేనే వడ్డించుకుంట. మీరు టైపు గొట్టుండ్రి.”

ఆయన నవ్వి, ముందు కోర్టులోనే ఉన్న ఉచిత న్యాయ సహాయం గదికి పొమ్మన్నాడు. అక్కడొక అమ్మాయి, మా పిల్లకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, ఓపికగా చెప్పింది. కేసు ముగిసిన సొమ్మే కాబట్టి పార్టీ స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చు. చెక్ పిటిషన్ అంటారు. దానికి పదో తరగతి మెమో, ఆధారు, బ్యాంకు పాసుబుక్కు, ఫోటోలు, ప్రమాణపత్రం, రాజీ పత్రం నకలు కావాలి. అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చింది. ఇంత తేలికైన పనికా ఇంత భయపడ్డాను అనుకున్నాను.

బెంచి క్లర్కు మొదటిసారి నకలు పాతబడిందని తిప్పి పంపాడు. రెండోసారి పిల్లను గుర్తుపట్టేదెవరని అడిగాడు.

“మామూలుగ వకీలు సంతకం వెడ్తడు, ఈమె నాకు తెలుసు, ఈమెనే ఆమె అని. మీకు వకీలు లేడు. ఈమె ఆమెనే అని నాకేం తెలుసు?”

“నేను చెప్తున్న గద సార్. ఎనిమిదేండ్ల సంది సాకినదాన్ని నేను గుర్తుపట్టకపోతే ఎవరు గుర్తుపడ్తరు?”

“మీరు ఎవరో ఎవరు గుర్తుపట్టాలె మేడం?”

అక్కడ పెద్ద వాదులాటే అయింది. నేను చట్టం అడిగాను, ఆయన రివాజు చెప్పాడు. చివరికి ఆయనే దారి చూపించాడు. జడ్జిగారు పిల్లను స్వయంగా నాలుగు మాటలు అడిగి, నమ్మకం కుదిరితే సరేనంటారట. పేషీకి తారీఖు వేశాడు. గెలిచాననుకుని మెట్లు దిగాను. పిల్లను నలుగురిలో నిలబెట్టి ప్రశ్నలడిగించే పని నా నోటితో నేనే చేసుకున్నానని గేటు దాకా వచ్చాక తోచింది.

ఇంకో తప్పు అప్పటికే చేసి ఉన్నాను. కొత్త నకలు కోసం అర్జీ రాసేటప్పుడు, ఏది కావాలంటారో ఏది వద్దంటారోనని, “పూర్తి ఫైలు” అని రాశాను. వకీలైతే రాజీ పత్రం ఒక్కటే అడిగేవాడు. రెండు పేజీల పని. నాకు చదువుంది, ఆ తెలివి లేదు. నకళ్ళు తయారైన రోజు నేను నోటరీ దగ్గర వరసలో ఉన్నాను.

“నేను తెస్త పెద్దమ్మా, నువ్వు వరస ఇడువకు,” అని పిల్ల వెళ్ళింది.

నోటరీ పని అరగంట పట్టింది. బయటకు వచ్చి చూస్తే, నకళ్ళ గది బయట బెంచీ మీద ఒళ్ళో కట్ట పెట్టుకుని కూర్చుని ఉంది. రెండు పేజీలు రావాల్సిన చోట అంత లావు కట్ట.

“ఏందే గంత ఉన్నది?”

“మొత్తం ఫైలంట పెద్దమ్మా. నువ్వే అడిగినవంట గద.”

“చూసినవా?”

“ఏం జూడాలె?” అంది. గొంతులో తేడా ఏమీ లేదు. “ఆకలైతుంది. మిర్చి తిందామా?”

గేటు బయట బండి దగ్గర మిర్చి బజ్జీలు తిన్నాం. అది మూడు తిన్నది, నా వాటాలోది కూడా ఒకటి లాక్కున్నది. మనసులో ఏదైనా పెట్టుకున్న పిల్ల అలా తింటుందా అని నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను. ఇంటికి వచ్చి, అది స్నానానికి వెళ్ళగానే కట్ట చేతిలోకి తీసుకున్నాను. పురికొసతో కట్టి ఉంది. నకళ్ళ గదిలో వేరేవాళ్ళ కట్టలు చూశాను, అక్కడ గట్టిగా రెండు ముళ్ళు వేస్తారు. దీనికి ముడి లేదు. పురికొస రెండు చుట్లు తిప్పి, కొసను చుట్టు కిందకు నెట్టేసి ఉంది. బీడీకి దారం చుట్టే తీరు అది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చుని సరదాగా నేర్చుకున్న పని. ఇప్పటికీ టిఫిను సంచీ మూతి అయినా, జడ రిబ్బను అయినా అలాగే చుడుతుంది.

అంటే విప్పింది. విప్పి మళ్ళీ కట్టింది. కానీ ఎందుకు? డబ్బు కట్టిన రశీదు లోపల పెట్టడానికా? రశీదు నిజంగానే లోపలుంది, మొదటి పేజీ మీదే. ఆ కాగితం మాత్రం కట్ట మధ్యలో ఎక్కడో ఉంది. నా గుండ్రటి అక్షరాలు, జిరాక్సులో ఇంకా నల్లగా. నేను దాన్ని బయటికి తీసి బీరువాలో, కార్డు పక్కన, చీరల కింద దాచాను. దొంగ చేసే పనే.

పేషీకి ముందు రోజు పిల్లను కూర్చోబెట్టి చెప్పాను. “జడ్జి ఏం అడిగినా కాయితంల ఎట్లుంటే గట్లనే చెప్పు. కొత్త మాటలు చెప్పకు. కాయితం ఒకటి, నోరు ఒకటి అయితే పైసలు ఆపుతరు.”

“అమ్మ గురించి అడిగితే?”

“రాజీ కాయితంల గృహిణి అనున్నది. అదే చెప్పు.”

అది నా వైపు కాసేపు చూసింది. “సరే పెద్దమ్మా,” అంది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని నేనూ ప్రయత్నించలేదు, అది కూడా ఒప్పుకోవాలి.

పేషీ రోజు మా పేరు పిలిచేసరికి మధ్యాహ్నమైంది. జడ్జిగారు ఆడమనిషి, నా వయసే ఉంటుంది. వకీలు ఎవరని అడిగితే బెంచి క్లర్కు ఏదో చెప్పాడు. ఆమె తలూపి పిల్లను దగ్గరకు పిలిచింది. నేను వెనక చెక్క రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను.

పేరు అడిగింది. నాన్న పేరు అడిగింది. ఎక్కడ చదివావంటే పిల్ల చెప్పింది. నర్సింగ్ సీటు సంగతి చెబితే జడ్జిగారు చిన్నగా నవ్వారు. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

“మీ అమ్మ ఎట్లా చనిపోయింది?”

“ఆటోల వస్తుంటే, ఎడపల్లి దగ్గర. చెరుకు ట్రాలీ.”

“ఎక్కడికి వస్తోంది?”

“మా పెద్దమ్మ దగ్గరికి మేడం.”

జడ్జిగారు ఫైలులో ఒక పేజీ తిప్పారు. “అమ్మ ఏం చేసేది?”

పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. చూస్తే నాకు ఏదో ఒకటి తెలిసిపోయేది. నాకు కనబడింది దాని జడ, వెనక్కి పెట్టుకున్న చేతులు మాత్రమే. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా తిరుగుతోంది, బీడీ ఆకును సుడి తిప్పినట్టు. ఆ పని అది తెలియకుండానే చేస్తుంది, పరీక్ష హాల్లో కూడా చేసేదట.

“ఇంట్లనే ఉండేది మేడం,” అంది. ఎవరూ అడగకుండానే ఇంకో మాట చేర్చింది. “ఏం పని చెయ్యకపోయేది.”

జడ్జిగారు సంతకం పెట్టారు. బయటకు రాగానే టైపు ఆయన చెయ్యెత్తి, “శభాష్ మేడం!” అన్నాడు. నా పక్కన నడుస్తున్న పిల్ల నా చేతిలోంచి సంచీ తీసుకుని, “చాయ్ తాగుదమా పెద్దమ్మా,” అంది.

పది రోజుల్లో సొమ్ము దాని ఖాతాలో పడింది. ఫీజు కట్టింది. హాస్టలుకు వెళ్ళే రోజు బస్టాండుకు నేనే దింపాను. పెట్టె సర్దేటప్పుడు వాళ్ళమ్మ చాట అటక మీద నుంచి దింపి, దుమ్ము తుడిచి, కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. తీసుకుపోతావా అని అడిగాను. “హాస్టల్ల ఏం జేస్త పెద్దమ్మా? నీ తాననే ఉండనియ్యి, నీదే గద,” అని నా చేతిలో పెట్టింది. చాట నాదెలా అవుతుంది? కార్డొక్కటే నాది. ఆ మాట మామూలుగా అన్నదో, కాదో.

వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. తిన్నావా అంటుంది, బీపీ గోళీ వేసుకున్నావా అంటుంది. గొంతులో ఏ తేడా లేదు, నేను వెతుకుతూనే ఉన్నాను. వకీలు ఇంటి ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను. లోపలికి వెళ్ళి, అయ్యా మీరు అడిగినదానికి జవాబు ఇదిగో అని చెప్పాలనుకుని, తలుపు దాకా కూడా పోలేదు. ఇప్పుడు చెప్పినా ముగిసిన కేసులో ఏం మారుతుందని వాదించుకుని ఇంటికొచ్చాను. ఆ వాదన కూడా గెలిచాను.

గృహిణి అని చెప్పమన్నది నేను. ఇంట్లోనే ఉండేదంటే గృహిణి అన్నట్టే, అక్కడిదాకా నా మాట విన్నదనుకుంటాను. కానీ ఆ రెండో మాట నేను నేర్పలేదు. రాజీ పత్రంలో లేదు. ఆ మాట ఉన్నది ఠాణాలో నేను రాసిచ్చిన ఒక్క కాగితంలోనే. పదేళ్ళు వచ్చేదాకా అమ్మ మోకాలికి ఆనుకుని బీడీల కట్టలు లెక్కపెట్టిన పిల్ల, అమ్మ ఏ పనీ చేయలేదని నిండు కోర్టులో చెప్పింది. దానంతట దానికి తోచి అన్న మాటా అది, లేక నన్ను కాపాడదామని నా రాతనే నాకు చదివి వినిపించిందా?